పొత్తులో లాభమెంత? మనిషి, కృత్రిమ మేధ కలిసి చేసే పనిపై ఏడు దశాబ్దాల పరిశోధన

2024లో అమెరికాలో యాభై మంది వైద్యులకు కొందరు రోగుల వివరాలిచ్చి జబ్బేమిటో తేల్చమన్నారు. సగం మందికి జీపీటీ-4 వాడుకునే వీలు కల్పించారు. మిగతా సగం ఎప్పటిలాగే పుస్తకాలూ ఇంటర్నెట్టూ చూసుకున్నారు. మొదటి జట్టుకు 76 శాతం, రెండో జట్టుకు 74 శాతం మార్కులు వచ్చాయి. ఆ రెండు శాతం లెక్కలోకి వచ్చే తేడా కాదు. విశేషమంతా మూడో అంకెలో ఉంది. వైద్యుడి ప్రమేయమే లేకుండా అవే కేసులు జీపీటీ-4కు ఇస్తే దానికి తొంభై శాతం దాకా వచ్చాయి.

అంతకు ఏడాది ముందు స్వీడన్ నుంచి వచ్చిన కబురు ఇంకోలా ఉంది. దాదాపు 80,000 మంది మహిళల మామోగ్రామ్‌లపై జరిగిన ప్రయోగం అది. సగం మంది విషయంలో ఏఐ ముందుగా వడపోసి, అనుమానం బాగా ఉన్న చిత్రాలను ఇద్దరు రేడియాలజిస్టులకు, మిగతావాటిని ఒక్కరికే పంపింది. రెండో సగానికి అన్ని చిత్రాలనూ పాత పద్ధతిలో ఇద్దరేసి చూశారు. ఏఐ ఉన్నచోట చిత్రాలు చదివే పని 44 శాతం తగ్గింది. పట్టుబడిన క్యాన్సర్లు మాత్రం తగ్గలేదు, కాస్త ఎక్కువే.

మొదటి ప్రయోగాన్ని పట్టుకున్నవాళ్లు వైద్యుడే యంత్రానికి అడ్డంటారు. రెండోదాన్ని పట్టుకున్నవాళ్లు జోడీ కుదిరిందంటారు. కానీ రెండుచోట్లా జరిగింది ఒకే పని కాదు. ఒకచోట వైద్యుడి చేతికి పరికరమిచ్చి, ఇక నీ ఇష్టమన్నారు. ఇంకోచోట ఏ చిత్రాన్ని ఎంతమంది చూడాలో ముందే పంచారు. 'కలిసి పనిచేయడం' అనే ఒక్క మాట కింద ఇలాంటి పొంతన లేని ఏర్పాట్లన్నిటినీ కుక్కడం వల్లే ఈ చర్చ ఇంత చిక్కుపడింది.

మేడిపండులో పురుగు

ఈ ఆలోచనకు పుట్టినరోజు వెతికేవాళ్లు సాధారణంగా 1960 దగ్గర ఆగుతారు. ఆ ఏడాది అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జె.సి.ఆర్. లిక్‌లైడర్ మనిషికీ కంప్యూటర్‌కూ మధ్య సహజీవనం గురించి ఒక వ్యాసం రాశాడు. అందులో మొదటి ఉపమానమే అత్తిచెట్టు, దాని పువ్వులో బతికే ఒక చిన్న కందిరీగ. పురుగు లేకపోతే చెట్టుకు సంతానం లేదు, చెట్టు లేకపోతే పురుగుకు తిండి లేదు. మేడిపండు పొట్ట విప్పితే ఏముంటుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. మనం ఏవగించుకున్న ఆ పురుగులోనే లిక్‌లైడర్ స్నేహితుణ్ణి చూశాడు.

ఆయన తన పనిగంటలనే లెక్కకట్టుకుని చూశాడు. ఆలోచనకని పెట్టిన సమయంలో 85 శాతం వివరాలు సేకరించడానికీ, గ్రాఫులు గీయడానికీ, అంటే ఆలోచించే స్థితికి చేరుకోవడానికే పోతోందని తేలింది. ఆ చాకిరీ యంత్రానికి వదిలేసి ప్రశ్నలు వేసే పని మనిషి ఉంచుకోవాలన్నది ఆయన ప్రతిపాదన. ఆయన్ని ఈ పొత్తుకు మూలపురుషుడిగా కొలిచేవాళ్లు ఒక విషయం మరిచిపోతుంటారు. లిక్‌లైడర్ దృష్టిలో ఈ సహజీవనం శాశ్వతం కాదు, మధ్యలో వచ్చే ఒక మజిలీ. ఏదో ఒకనాడు యంత్రం ఒంటరిగానే ఆలోచిస్తుందని ఆయన ఒప్పుకున్నాడు. ఈలోపు గడిచే కాలం పదేళ్లు కావచ్చు, ఐదువందల ఏళ్లూ కావచ్చన్నాడు.

నిజానికి ఆయనకు ముందే రెండు దారులు పడ్డాయి. 1951లో పాల్ ఫిట్స్ బృందం విమానాల రాకపోకల నియంత్రణ కోసం ఒక పట్టిక తయారు చేసింది. మనుషులు దేంట్లో మెరుగు, యంత్రాలు దేంట్లో మెరుగు అని రెండు వరసలు. ఎవరికి చేతనైన పని వాళ్లకు అప్పజెప్పాలన్న ఈ పాలుపంపకాల పద్ధతి నేటి కార్పొరేట్ ప్రెజెంటేషన్ల దాకా బతికే ఉంది, వరసల్లో రాసేవే మారాయి. 1954లో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ మీల్ మరీ కటువైన మాటన్నాడు. రోగి ఎలా ఉండబోతున్నాడో ఊహించడంలో అనుభవజ్ఞుడైన వైద్యుడి అంచనా కన్నా మామూలు గణాంక సూత్రం చాలాసార్లు సమానంగానో మెరుగ్గానో ఉంటుందన్నాడు. 2000లో 136 అధ్యయనాలను కలిపి చూసినవాళ్లకూ దాదాపు అదే తేలింది. మీల్ దారిలో నడిచేవాళ్లకు పొత్తంటేనే అనుమానం. సూత్రం చెప్పినదాన్ని మనిషి సరిదిద్దబోయి పాడుచేస్తాడని వాళ్ల భయం.

మూడో ధార డగ్లస్ ఎంగెల్‌బార్ట్‌ది. 1962లో ఆయన రాసిన నివేదికకు కేంద్రం మనిషి మేధస్సును పెంచడం. మౌస్, తెరమీద కిటికీలు, ఒకరితో ఒకరు కలిసి దిద్దుకునే పత్రాలు 1968లో ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో చేసి చూపిన ప్రదర్శనలో భాగం. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి కూడా ఈ ధారకు దగ్గరివాడే. యంత్రాన్ని మనిషి గ్రహణశక్తిని పెంచే సాధనంగా ఆయన ఉపన్యాసాల్లో వర్ణిస్తూ వచ్చారు.

వీళ్లందరి ఉత్సాహానికి కళ్లెం వేసింది 1983లో లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ రాసిన ఐదారు పేజీల వ్యాసం. యంత్రీకరణలోని విడ్డూరాల గురించి ఆమె చెప్పిన మాట తేలిక, దాన్ని తప్పించుకోవడం కష్టం. మనిషిని నమ్మలేమని యంత్రం పెడతారు. యంత్రం చేయలేని అతి కష్టమైన పనిని మాత్రం మనిషికే మిగులుస్తారు. రోజూ చేసే అలవాటు తప్పిపోయిన పనిని, గండం వచ్చిన క్షణంలో ఉన్నట్టుండి చేయమంటారు. 2009లో అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఈ వ్యాసాన్ని తలుచుకోవడం ఆనవాయితీ అయింది. వేగాన్ని కొలిచే గొట్టాల్లో మంచు పేరుకుని ఆటోపైలట్ తప్పుకుంది. విమానం పైలట్ల చేతికొచ్చింది. 228 మంది చనిపోయారు.

చదరంగం చెప్పిన కథ, దాని గడువు

ఈ రంగంలో ఎక్కువగా చెప్పుకునే కథ చదరంగానిది. 1997లో ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ చేతిలో ఓడిన ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్, మరుసటి ఏడాది స్పెయిన్‌లోని లియోన్‌లో కంప్యూటర్‌ను పక్కన పెట్టుకుని ఆడే పోటీకి దిగాడు. 2005లో ఆన్‌లైన్‌లో జరిగిన ఒక ఫ్రీస్టైల్ టోర్నీలో గ్రాండ్‌మాస్టర్లనూ పెద్ద యంత్రాలనూ దాటి మూడు మామూలు కంప్యూటర్లతో ఆడిన ఇద్దరు ఔత్సాహికులు గెలిచారు. మనిషి బలం కన్నా, యంత్రం బలం కన్నా పని నడిపే పద్ధతి బలమే ముఖ్యమని కాస్పరోవ్ దీన్నుంచి తీసిన సారాంశం.

ఆ కథ ఇప్పటికీ సభల్లో వినిపిస్తుంది. దాని గడువు తీరి చాలాకాలమైంది. చదరంగం ఆడే ప్రోగ్రాముల బలం పెరిగేకొద్దీ మనిషి చేర్చగలిగేది తరిగిపోయింది. యంత్రాల సాయం అనుమతించే కరస్పాండెన్స్ చదరంగంలో ఇప్పుడు అత్యధిక ఆటలు డ్రా. పొత్తులో లాభం స్థిరాస్తి కాదని, ఏ ఏడాది కొలిచామన్నదాన్ని బట్టి మారుతుందని చదరంగం చెప్పే రెండో సగాన్ని ఎవరూ చెప్పరు.

ఎవరితో పోల్చి?

2024 అక్టోబరులో 'నేచర్ హ్యూమన్ బిహేవియర్'లో మిషెల్ వాకారో, అబ్దుల్లా అల్మాతూక్, థామస్ మలోన్ ప్రచురించిన విశ్లేషణ ఈ మొత్తం సాహిత్యానికి ఒక మలుపు. 2020 నుంచి 2023 మధ్య వచ్చిన 106 ప్రయోగాలను వాళ్లు ఒకచోట చేర్చారు. మనిషి ఒంటరిగా, యంత్రం ఒంటరిగా, ఇద్దరూ కలిసి చేసిన మూడు ఫలితాలూ ఉన్న ప్రయోగాలనే ఎంచుకున్నారు. సగటున జోడీ ఒంటరి మనిషి కన్నా బాగా చేసింది. అదే జోడీని ఆ ఇద్దరిలో మెరుగైనవారితో పోలిస్తే వెనకబడింది.

ఈ రెండు వాక్యాలనూ కలిపి చదవాలి. కంపెనీల ప్రకటనలు మొదటిదాన్నే చూపిస్తాయి. యంత్రం ఒక్కటే ఇంకా బాగా చేసేదా అన్న ప్రశ్నను దాటేస్తాయి. యంత్రమే చాలనేవాళ్లు రెండోదాన్నే పట్టుకుంటారు. యంత్రాన్ని ఒంటరిగా వదిలే వీలు చట్టంలోనూ ఆస్పత్రిలోనూ ఉందా అన్నది వాళ్లకు పట్టదు. జోడెడ్లలో రెండోది లాగుతోందా, నడుస్తోందా అని తేల్చాలంటే ఒక్కో ఎద్దునూ విడిగా బండికి కట్టి చూడాలి. అలా చూసిన ప్రయోగాలు 2020కి ముందు తక్కువ.

ఆ విశ్లేషణలో సగటు కన్నా విలువైనవి రెండు తేడాలు. ఉన్నవాటిలో ఒకటి ఎంచుకునే నిర్ణయాల్లో జోడీకి నష్టం ఎక్కువ కనిపించింది. రాయడం, బొమ్మ వేయడం వంటి సృష్టిలో లాభం వైపు మొగ్గింది, కాకపోతే అలాంటి ప్రయోగాలు కొన్నే. ఇక రెండోది: మనిషి యంత్రం కన్నా మెరుగైన పనుల్లో జోడీ లాభపడింది, యంత్రమే మెరుగైనచోట నష్టపోయింది. మొదట చూస్తే ఇది వింతగా ఉంటుంది. ఆలోచిస్తే సబబే. పని బాగా తెలిసినవాడికి యంత్రం మాట ఎప్పుడు వినాలో, ఎప్పుడు కొట్టేయాలో కూడా తెలుస్తుంది. తెలియనివాడు సరైనదాన్ని కొట్టేసి, తప్పుడుదాన్ని ఒప్పుకునే ప్రమాదం ఎక్కువ.

నమ్మకం: ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే

దీంతో చర్చ నమ్మకం దగ్గరికి చేరుతుంది. ఇక్కడ పరిశోధన నిజంగా దట్టంగా ఉంది. రాజా పరశురామన్, విక్టర్ రైలీ 1997లో మనుషులు యంత్రీకరణను వాడటంతో పాటు అతిగా నమ్మడం, అసలు వాడకపోవడం, ఆపరేటర్‌ను పట్టించుకోకుండా పెట్టేయడం అనే మూడు జబ్బులను వేరుచేసి చూపారు. 2004లో జాన్ లీ, కత్రీనా సీ గురిని మార్చారు. నమ్మకాన్ని పెంచడం కాదు, యంత్రం సామర్థ్యానికి తగ్గట్టు తూకం వేయడం లక్ష్యమన్నారు.

తూకం ఎటు తప్పుతుందన్నదాని మీద మాత్రం రెండు పక్షాలున్నాయి. యంత్రం ఒక్కసారి తప్పుచేయడం చూస్తే జనం దాన్ని దూరం పెడతారని, అదే తప్పు మనిషి చేస్తే క్షమిస్తారని డీట్‌వోర్స్ట్ బృందం 2015లో చూపింది. సలహా మనిషిదని చెప్పినప్పటి కన్నా అల్గారిథమ్‌దని చెప్పినప్పుడే మామూలు జనం ఎక్కువ వింటారని జెన్నిఫర్ లాగ్ బృందం 2019లో చూపింది. ఒకదాన్నొకటి కొట్టేసే ఫలితాల్లా కనిపిస్తాయి కానీ, ఒకరు తప్పు చూశాక కొలిచారు, ఇంకొకరు చూడకముందు కొలిచారు.

నిపుణుల విషయం చూస్తే దిగులు కలుగుతుంది. 2023లో 27 మంది రేడియాలజిస్టులతో జరిగిన ప్రయోగంలో ఏఐ సలహా అని కావాలనే కొన్ని తప్పుడు సూచనలు పెట్టారు. సలహా సరైనప్పుడు అందరి కచ్చితత్వమూ 80 శాతం చుట్టూ ఉంది. సలహా తప్పైనప్పుడు అనుభవం తక్కువున్నవాళ్లది 20 శాతానికి, బాగా అనుభవమున్నవాళ్లది 45 శాతానికి పడిపోయింది. అనుభవం గొడుగులా కొంత కాసింది, పూర్తిగా కాదు. దీనికి ఎదురుగా, ఛాతీ ఎక్స్‌రేలపై నిఖిల్ అగర్వాల్, ప్రణవ్ రాజ్‌పూర్కర్ తదితరుల అధ్యయనంలో రేడియాలజిస్టులు ఏఐ అంచనాకు ఇవ్వాల్సినంత విలువ ఇవ్వలేదు. సగటున ఏఐ సాయం వాళ్లను మెరుగుపరచలేదు. ప్రతి కేసునూ ఇద్దరూ కలిసి చూడటం కన్నా, కొన్ని కేసులు యంత్రానికి, కొన్ని మనిషికి విడగొట్టి ఇవ్వడమే మేలని వాళ్లు తేల్చారు. స్వీడన్ ఏర్పాటుకు ఇది దగ్గరి చుట్టం.

మరి యంత్రం తన కారణాన్ని వివరిస్తే? దశాబ్దంగా డబ్బూ బుర్రా ఎక్కువగా ఖర్చయింది ఇక్కడే. 2021లో గగన్ బన్సల్ బృందం చూసినదాని ప్రకారం, వివరణ ఉంటే జనం యంత్రం మాటను ఎక్కువగా ఒప్పుకున్నారు, అది తప్పైనా సరే. బాగా మాట్లాడేవాడి మాట చెల్లుతుందన్న లోకరీతి ఇక్కడా వర్తించింది. అదే ఏడాది జానా బుచింకా తదితరులు విరుగుడు వెతికారు. మనిషి ముందు తన జవాబు చెప్పాకే యంత్రం జవాబు చూపించడం వంటి అడ్డంకులు పెడితే అతినమ్మకం తగ్గింది. వాడినవాళ్లకు మాత్రం ఆ పద్ధతులే తక్కువ నచ్చాయి. మార్కెట్లో అమ్ముడయ్యేదీ మనిషిని ఆలోచింపజేసేదీ ఒకటి కాదని చెప్పే ఈ చిన్న ఫలితం పెద్ద సదస్సుల్లో ఎక్కువగా వినబడదు.

తోటివాడా, పనిముట్టా

అమెరికా జాతీయ అకాడమీలు 2021లో సైన్యం కోసం ఇచ్చిన నివేదిక మనిషి-ఏఐ 'జట్టు' భాషను ఖాయం చేసింది. ఉమ్మడి లక్ష్యం, ఒకరి స్థితి ఒకరికి తెలియడం, అవసరమైతే పాత్రలు మార్చుకోవడం ఈ పక్షం కోరేవి. కంప్యూటర్ శాస్త్రవేత్త బెన్ ష్నైడర్‌మన్ దీనికి గట్టి ప్రత్యర్థి. యంత్రం తోటివాడు కాదు, మనిషి అదుపులో ఉండాల్సిన మహా పనిముట్టు అంటాడు. తోటివాడన్న మాటతో బాధ్యత మసకబారుతుందని ఆయన ఆక్షేపణ. వీళ్లిద్దరికీ పక్కగా మూడో గొంతు ఉంది. 1987లో లూసీ సచ్‌మన్ ఒక ఫొటోకాపీ యంత్రం దగ్గర జనం తికమకపడటాన్ని గమనించి, మనుషులు పథకం ప్రకారం కాదు, పరిస్థితిని బట్టి నడుస్తారని, యంత్రానికి ఆ పరిస్థితి కనిపించదని రాసింది.

సచ్‌మన్ మాట ఎంత నిజమో థాయ్‌లాండ్‌లో తెలిసింది. షుగర్ వల్ల కంటికొచ్చే జబ్బును పసిగట్టే గూగుల్ సాధనం ప్రయోగశాలలో నిపుణులకు దీటుగా నిలిచింది. మదురై అరవింద్ ఆస్పత్రి, చెన్నై శంకర నేత్రాలయల సహకారమూ దానికి ఉంది. దాన్ని థాయ్‌లాండ్ క్లినిక్‌లలో పెట్టినప్పుడు, 2020లో వచ్చిన నివేదిక ప్రకారం, ఐదింట ఒక వంతు చిత్రాలను నాణ్యత చాలదని యంత్రం తిప్పికొట్టింది. వెలుతురు తక్కువున్న గదులు, నెమ్మదిగా నడిచే ఇంటర్నెట్, బయట బారులు తీరిన రోగులు. వీటి మధ్య ఒక నర్సు ఎంచుకోవాల్సిందల్లా రోగిని మళ్లీ రమ్మనాలా, పెద్దాస్పత్రికి పంపాలా అని. కచ్చితత్వం పట్టికల్లో ఆ నర్సు లేదు.

ఈ వాదాలను పక్కపక్కన పెడితే తేడా జవాబుల్లో కన్నా ప్రశ్నల్లో కనిపిస్తుంది. ఫిట్స్ వారసులు పని ఎవరికి పంచాలంటారు. మీల్ వారసులు మనిషి ఎందుకంటారు. ఎంగెల్‌బార్ట్ వారసులు మనిషి శక్తి పెరిగిందా అని చూస్తారు. జట్టువాదులకు సమన్వయం, ష్నైడర్‌మన్‌కు అదుపు, సచ్‌మన్‌కు చోటు ముఖ్యం. ఒకరి కొలబద్దతో ఇంకొకరి పంటను కొలిచి తక్కువైందనడం ఈ రంగంలో నిత్యం జరిగే పని. వీటిలో పాలుపంపకాల వాదానికే ప్రస్తుతం ఆధారాలు బలంగా ఉన్నాయనిపిస్తుంది. ఫిట్స్ అనుకున్నట్టు ఒక్కసారి గీసే పట్టికగా మాత్రం కాదు, కేసు కేసుకూ మారే పంపకంగా.

ఆఫీసు పనిలో

చాట్‌జీపీటీ వచ్చాక పరిశోధన ఆఫీసుల్లోకి మళ్లింది. అంకెలు ఆకర్షణీయంగా ఉన్నాయి. 758 మంది బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ సలహాదారుల్లో జీపీటీ-4 వాడినవాళ్లు పని 25 శాతం వేగంగా, 40 శాతం మెరుగైన నాణ్యతతో చేశారు. యంత్రం శక్తికి అవతల ఉన్న పనిని కావాలని ఇచ్చినప్పుడు మాత్రం వాడినవాళ్లు సరైన జవాబిచ్చే అవకాశం 19 పాయింట్లు తగ్గింది. ఆ సరిహద్దు ఎక్కడుందో బయటికి కనిపించదు. కస్టమర్ సపోర్ట్ ఉద్యోగులపై బ్రిన్యాల్ఫ్‌సన్, లీ, రేమండ్ చేసిన అధ్యయనంలో సగటు లాభం 15 శాతం దాకా ఉంటే, కొత్తవాళ్లకు దాదాపు రెట్టింపు. పాతకాపులకు పెద్దగా ఒరిగిందేమీ లేదు. 2025లో అనుభవజ్ఞులైన 16 మంది ప్రోగ్రామర్లపై జరిగిన మెటర్ సంస్థ ప్రయోగంలో ఏఐ సాయంతో పని 19 శాతం నెమ్మదించింది. పని ముగిశాక కూడా వాళ్లు తాము 20 శాతం వేగంగా చేశామనే అనుకున్నారు. చాలా కంపెనీల సర్వేలు ఉద్యోగులను అడిగి రాసుకున్నవే కాబట్టి ఈ తేడాను మరిచిపోకూడదు.

భాష, సంస్కృతి వైపు చూసిన పనులు తక్కువే. 2025లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి ధ్రువ్ అగర్వాల్, మోర్ నామన్, ఆదిత్య వశిష్ఠ ప్రచురించిన అధ్యయనంలో భారతీయులూ అమెరికన్లూ కలిపి 118 మంది ఇంగ్లిష్‌లో రాశారు. ఇష్టమైన తిండి, పండుగ గురించి భారతీయులు రాయబోతే యంత్రం పిజ్జా, క్రిస్మస్ అందించింది. భారతీయులు సూచనలను ఎక్కువగానే వాడుకున్నారు, కానీ వాటిని దిద్దుకోవడంలో వేగం లాభం కొంత పోయింది. వాళ్ల రాత అమెరికన్ల రాతలా మారింది. తెలుగులో రాసేవాళ్లతో ఇలాంటి ప్రయోగం చేస్తే పిజ్జా స్థానంలో ఏమొస్తుందో చూడాలి.

తప్పు ఎవరి ఖాతాలో?

యూరప్ 2024లో చేసిన ఏఐ చట్టం ప్రమాదకర వ్యవస్థలపై మనిషి పర్యవేక్షణ తప్పనిసరి చేసింది. యంత్రాన్ని అతిగా నమ్మే జబ్బు ఉందని చట్టంలోనే పేర్కొంది. అంతకు ముందే, 2022లో, బెన్ గ్రీన్ ఇలాంటి 41 విధానాలను పరిశీలించి, మనుషులు ఆ పర్యవేక్షణ చేయగలరనడానికి ఆధారాలు లేవని, పైగా లోపాలున్న వ్యవస్థలకు అది రాజముద్ర వేస్తోందని వాదించాడు. మాడలిన్ ఎలిష్ దీనికి కారు నుంచి పోలిక తెచ్చింది. గుద్దుకున్నప్పుడు బానెట్ నలిగి లోపలివాళ్లను కాపాడుతుంది. ఇక్కడ నలిగేది పక్కన కూర్చోబెట్టిన మనిషి, కాపాడబడేది వ్యవస్థ. 2018లో అరిజోనాలోని టెంపీలో ఉబర్ స్వయంచాలిత కారు ఢీకొని రోడ్డు దాటుతున్న మహిళ చనిపోయింది. కంపెనీపై క్రిమినల్ కేసు రాలేదు. 2023లో నేరం ఒప్పుకుంది సీట్లో కూర్చున్న పర్యవేక్షకురాలు.

పర్యవేక్షకులు కనిపిస్తారు, కనీసం కోర్టులో. అసలు కనిపించనివాళ్ల గురించి మేరీ గ్రే, సిద్ధార్థ్ సూరి 2019లో రాసిన పుస్తకం మొదట్లోనే అమెరికాలోని ఉబర్ డ్రైవర్ ముఖాన్ని పాత ఫొటోతో పోల్చి చూసే హైదరాబాద్ మహిళ ఒకరు వస్తారు. యాప్ దృష్టిలో ఆ పని ఏఐ చేసింది. జోడీల లెక్కలు వేసే ప్రయోగాల్లో ఇలాంటివారిని ఏ వరసలో రాయాలో ఇంకా తేలలేదు.

గడియారం సమస్య

పెద్ద ఖాళీ కాలానిది. ప్రయోగాల్లో చాలావాటి ఆయుష్షు ఒక గంట, మహా అయితే కొన్ని వారాలు. ఎక్కువకాలం చూసిన కొద్దిపాటి పనులూ ఒకే దిక్కు చూపడం లేదు. పోలండ్‌లో నాలుగు కేంద్రాల్లో పేగు పరీక్షలు చేసే వైద్యులు ఏఐకి అలవాటుపడ్డాక, ఏఐ లేకుండా చేసిన పరీక్షల్లో కణితులు గుర్తించిన రేటు 28.4 శాతం నుంచి 22.4 శాతానికి పడిందని 2025లో తెలిసింది. ఇది పరిశీలన మాత్రమే, నియంత్రిత ప్రయోగం కాదు కాబట్టి కారణం అదేనని ప్రమాణం చేయలేం. తుర్కియేలో దాదాపు వెయ్యిమంది విద్యార్థులపై చేసిన ప్రయోగం నియంత్రితమే. జీపీటీ-4తో సాధన చేసినప్పుడు మార్కులు 48 శాతం పెరిగాయి. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అది ఎన్నడూ లేనివాళ్ల కన్నా 17 శాతం తగ్గాయి. జవాబు చెప్పకుండా సూచనలే ఇచ్చేలా మార్చిన రకంలో ఆ నష్టం దాదాపు పోయింది. ఇక గో ఆటలో, 1950 నుంచి 2021 వరకూ మనుషులు వేసిన 58 లక్షల ఎత్తులను పరిశీలిస్తే, ఆల్ఫాగో అనే ఏఐ ప్రోగ్రామ్ వచ్చాక మనుషుల ఆటే మెరుగైంది, కొత్త ఎత్తులు పెరిగాయి. యంత్రం దగ్గర కూర్చుని నేర్చుకున్నవాళ్లు, యంత్రం మీద ఆనుకున్నవాళ్లు వేరువేరుగా మారుతున్నారేమో. ఆ 'ఏమో'ను తేల్చడానికి మూడేళ్లో ఐదేళ్లో ఒకే మనుషులను వెంబడించాలి. అంతలో యంత్రం మూడు తరాలు మారిపోతుంది.

ప్రయోగశాలకు ఆవలి పొత్తు ఎలా ఉంటుందనడానికి ఒక దృష్టాంతం కర్నూలు జిల్లాలో ఉంది. 2016 ఖరీఫ్‌లో దేవనకొండ మండలంలో 175 మంది రైతుల ఫోన్లకు వేరుశనగ ఎప్పుడు విత్తాలో ఏఐ వేసిన అంచనాను చెబుతూ తెలుగులో సందేశాలు వెళ్లాయి. వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ నడిపిన ప్రయత్నమది. దిగుబడి 30 శాతం పెరిగిందని అవి ప్రకటించాయి. సందేశం చదివిన రైతు ఆకాశం చూసి ఏమనుకున్నాడు, పక్క చేను వాణ్ణి అడిగాడా, వారం ఆగమన్నప్పుడు ఆగడానికి అప్పిచ్చినవాడు ఒప్పుకున్నాడా, ఆగి నష్టపోతే ఎవరిని నిలదీసేవాడు అన్నవేవీ ఆ 30లో లేవు.